పెరటి కోళ్లు, బాతుల గుడ్లు: ఏరడం, దాచడం, అమ్మడం

(ఆమదాలవలస మండలం, పట్టణంలోని పెరటి కోళ్ల యూనిట్ల లబ్ధిదారుల కోసం. చదివాక మీ సంఘం గ్రూపులో కూడా పెట్టండి.)



పిల్లల్ని ఎలా పెంచాలో పిల్లలిచ్చిన రోజే చెప్తారు. వేడి, టీకా, దాణా గురించి ఆరోజు అందరూ శ్రద్ధగా వింటారు. గుడ్లు మొదలయ్యేది మాత్రం ఆ తర్వాత ఐదు నెలలకి. అప్పటికి ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఇక అక్కణ్ణుంచి వచ్చే మాట ఒకటే: "కోళ్లు తింటన్నాయి గానీ గుడ్లు కనబడ్డం లేదండి."

చాలా ఇళ్లలో కోడి గుడ్డు పెట్టడం మానలేదు. పెట్టిన గుడ్డు మన చేతికి రావడం లేదు. గడ్డివాములో, కట్టెల మోపు వెనక, పక్కింటి దొడ్లో పెడుతోంది. కాకి, ముంగిస, పాము, కుక్క మనకన్నా ముందు చూస్తున్నాయి. యూనిట్ మీద అప్పు తీసుకున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. నెల వాయిదా కట్టాల్సింది ఆ గుడ్ల డబ్బుతోనే.

లెక్క చూద్దాం

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెట్ట పెరట్లో తిరిగి మేస్తూ ఏడాదికి 160 నుంచి 180 దాకా గుడ్లు పెడుతుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా మాంసానికి, గుడ్లకి రెండిటికీ పనికొచ్చే జాతి. అది సుమారు 100 నుంచి 110 పెడుతుంది. మన నాటుపెట్ట 50, 60 దగ్గర ఆగిపోతుంది, మధ్యలో పొదుగుకి కూర్చుంటుంది కాబట్టి.

పది గ్రామప్రియ పెట్టలుంటే ఏడాదికి 1,600 పైమాటే, అంటే రోజుకి నాలుగైదు గుడ్లు. అందులో రోజుకి ఒక్కటి పోతే ఏడాదికి 365 గుడ్లు పోయినట్టు, మొత్తంలో ఐదో వంతు. మీ ఊళ్లో నాటుగుడ్డు ఎంతకి పోతోందో ఆ రేటుతో గుణించి చూస్కోండి. ఆ డబ్బు దాణా ఖర్చులో పెద్ద భాగానికి సరిపోతుంది.

ఇంకోమాట. "కోళ్లకి 25 లక్షల సబ్సిడీ" అని ఫోన్లలో ఒక మెసేజీ తిరుగుతోంది. అది జాతీయ పశుసంపద మిషన్‌లో 2021 నుంచి ఉన్న వేరే భాగం. కనీసం వెయ్యి తల్లికోళ్లు పెట్టి, గుడ్లు పొదిగించే యంత్రంతో పిల్లల్ని తయారుచేసేవాళ్లకి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 25 లక్షల దాకా ఇస్తారు. మన పెరటి యూనిట్‌కీ దానికీ సంబంధం లేదు. మీకు ఎన్ని పిల్లలు, ఎంత రాయితీ, ఎంత అప్పు అన్నది మీ మంజూరు కాగితంలోనే ఉంటుంది. ఎవరైనా ఆ 25 లక్షలు ఇప్పిస్తానని డబ్బులడిగితే ఇవ్వకండి.

గూడు ముందు, గుడ్డు తర్వాత

నాలుగు వారాల పిల్ల మీ ఇంటికొచ్చిన తర్వాత సుమారు ఐదు నెలలకి గుడ్డుకొస్తుంది. అప్పటికి తురాయి ఎర్రబడుతుంది, పెట్ట మూలలు వెతుక్కుంటుంది, మనం వీపు మీద చెయ్యేస్తే ఒదిగి కూర్చుంటుంది. ఈ గుర్తులు కనబడేసరికే గూళ్లు సిద్ధంగా ఉండాలి. మొదటి గుడ్డు ఎక్కడ పెడితే పెట్ట అక్కడికే అలవాటు పడిపోతుంది. తర్వాత మార్పించడం మహా కష్టం.

గూడుకి పెద్ద ఖర్చేమీ లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ఏ పెట్టె అయినా చాలు. పళ్ల డబ్బా, పగిలిన బాన, పాత నూనె డబ్బా, వెదురు తట్ట, ఏదైనా పర్వాలేదు. డబ్బా అంచులు కోసుకోకుండా మడిచేయండి. నాలుగైదు పెట్టలకి ఒక గూడు చొప్పున, నేలకి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో, కాస్త చీకటిగా, వాన జల్లు తగలని చోట పెట్టండి. లోపల ఎండిన వరిగడ్డి నాలుగు వేళ్ల మందాన వేసి, తడిసినా మురికైనా వెంటనే మార్చేయండి. గుడ్డు మురికి కావడం, పగలడం చాలావరకు ఈ గడ్డి దగ్గరే మొదలవుతుంది.

గూట్లో ఒక దొంగగుడ్డు పెట్టండి. కర్రదో, సుద్దదో, పిల్లలాడుకునే చిన్న తెల్లబంతో. అది చూసి ఇక్కడే పెట్టాలని పెట్టకి తెలుస్తుంది. నిజం గుడ్డు ఆనవాలుగా వదిలేయకండి, అది కుళ్లి పేలుతుంది. మొదటి వారం పది రోజులు పెట్టల్ని పదింటి దాకా సాలలోనే ఉంచి ఆ తర్వాత మేతకి వదిలితే గూడు అలవాటవుతుంది.

ఎప్పుడు ఏరాలి?

ఒక గుడ్డు తయారవడానికి కోడి కడుపులో 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకే ఈరోజు ఏడింటికి పెట్టిన పెట్ట రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి తొమ్మిదింటికి పెడుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటేసరికి ఒకరోజు మానేసి, మళ్లీ పొద్దున్నే మొదలెడుతుంది. రోజూ గుడ్డు పెట్టలేదని కోడిని తిట్టక్కర్లేదు.

ఎక్కువ గుడ్లు పొద్దున్న ఏడు, పదకొండు మధ్య పడతాయి. కాబట్టి పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ఏరాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యలో ఇంకోసారి చూడండి. పొలం పనికెళ్లేవాళ్లు ఇంట్లో పెద్దావిడకో, బడి లేని రోజు పిల్లలకో ఆ పని అప్పగించండి. రోజుకి ఒకేసారి, అదీ చీకటి పడ్డాక ఏరే ఇంట్లోనే నష్టం ఎక్కువ. పగలంతా గూట్లో నాలుగు గుడ్లు ఉంటే ఐదో పెట్ట తొక్కి పగలగొడుతుంది. పగిలిన గుడ్డు రుచి చూసిన కోడి తర్వాత తనే పొడుచుకు తింటుంది. ఆ అలవాటు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది కూడా.

గుడ్లు గూట్లో పోగుపడితే ఇంకో చిక్కుంది. నాటుపెట్టకి పొదగాలనే బుద్ధి పుడుతుంది. కూర్చుందంటే మూడు వారాలు పొదుగు, ఆపై పిల్లల సాకుడు, రెండు మూడు నెలలు గుడ్డు ఉండదు. పిల్లలు కావాలంటే సరే. గుడ్లు కావాలంటే ఏ రోజువి ఆ రోజు తీసేయాలి. గ్రామప్రియ, వనరాజాలకి ఈ పొదుగు బుద్ధి బాగా తక్కువ.

బాతుల సంగతి వేరు

బాతు రాత్రి, తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది లోపల దాదాపు అన్నీ పెట్టేస్తాయి. కానీ మనవాళ్లు ఆరింటికే తడిక తీసేస్తారు. బాతులు నేరుగా చెరువుకో, గెడ్డకో పోతాయి, గుడ్డు నీళ్లలోనో గట్టు మీదో పడిపోతుంది. తొమ్మిదింటి దాకా లోపలే ఉంచి, నీళ్లు మాత్రం పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే తేడా మీకు కనబడుతుంది.

బాతు ఎత్తు గూడెక్కదు. నేల మీదే, గోడ వారగా మందంగా గడ్డి వేయండి. కోళ్లనీ బాతుల్నీ ఒకే సాలలో పడుకోబెట్టకండి. బాతులు నీళ్లు ఒలకబోసి నేలంతా తడి చేస్తాయి, ఆ తడికి కోళ్లకి రోగాలొస్తాయి, గుడ్లకి బురద అంటుతుంది. గుడ్ల బాతుల్లో పేరున్న ఖాకీ కాంప్‌బెల్ పొదగదు. దాని గుడ్లు నాటుకోడి కింద పెట్టి పొదిగించడం మన పెద్దలకి తెలిసిన పద్ధతే. కోడిగుడ్డుకి 21 రోజులు పడితే బాతుగుడ్డుకి 28 రోజులు.

పుంజు లేకపోతే గుడ్లు పెట్టవా?

పెడతాయి. పుంజు కావాల్సింది పిల్లల కోసమే. పుంజున్న మందలో గుడ్డుకి జీవం ఉంటుంది. సుమారు 21 డిగ్రీలు దాటిన వేడిలో లోపల పిల్ల మెల్లిగా తయారవడం మొదలవుతుంది. మన దగ్గర వేసవిలో రాత్రిపూట కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. ఆ గుడ్డు రెండు మూడు రోజులు వసారాలో ఉంటే పగలగొట్టినప్పుడు నెత్తుటి గీతలు కనబడతాయి. కొన్నావిడ మళ్లీ మీ గుమ్మం తొక్కదు. గుడ్లు అమ్మడమే మీ లెక్కయితే పుంజుల్ని వేరుచేయండి, లేదా అమ్మేయండి. పుంజు లేని మంద గుడ్డు ఎక్కువ రోజులు నిలవుంటుంది.

కడగొద్దు

ఇది చాలామందికి కొత్తగా ఉంటుంది. శుభ్రం కోసమని గుడ్లన్నీ బిందెలో వేసి కడుగుతారు. గుడ్డు పెంకు మీద కంటికి కనబడని వేల రంధ్రాలుంటాయి. గుడ్డు బయటికొచ్చేటప్పుడు వాటి మీద ఒక పల్చని పొర ఆరుతుంది, క్రిములు లోపలికి పోకుండా కాపాడేది అదే. కడిగితే ఆ పొర పోతుంది. పైగా వెచ్చని గుడ్డు మీద చన్నీళ్లు పోస్తే లోపలి పదార్థం కుంచించుకుని, పెంకు మీది మురికినీటిని లోపలికి లాక్కుంటుంది. కడిగిన గుడ్డు కడగని గుడ్డుకంటే ముందే పాడయ్యేది అందుకే.

రెట్ట అంటుకుంటే ఆరాక పొడిగుడ్డతో, కొబ్బరిపీచుతో మెల్లిగా తుడవండి. బాగా మురికైన గుడ్డు అమ్మొద్దు. వండే ముందు కడిగి, ఆరోజే ఇంట్లో బాగా ఉడికించి తినేయండి. పగులు వచ్చిందీ అంతే. పగిలి సొన కారిపోతుంటే పారేయండి. ఏరాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం తప్పదు. పిల్లల చేత ఏరించినప్పుడు ఇంకా తప్పదు.

ఎక్కడ దాచాలి?

సన్నని కొన కిందకి, వెడల్పు వైపు పైకి ఉండేలా అట్ట ట్రేలో పెట్టండి. వెడల్పు వైపు లోపల చిన్న గాలి గది ఉంటుంది. అది పైన ఉంటే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది. ఫ్రిజ్ లేనివాళ్లకి మన పాత పద్ధతే మంచిది: వెడల్పాటి తొట్టిలో ఇసుక పోసి, మధ్యలో కుండ దించి, ఇసుకని రోజూ తడుపుతూ, కుండ మీద పల్చని గుడ్డ కప్పడం. నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. ఎండుచేపలు, ఉల్లిపాయలు, కిరసనాయిలు పక్కన పెట్టొద్దు. గుడ్డు వాసన పీల్చేస్తుంది.

వేసవిలో బయట వారం, చలికాలంలో రెండు వారాలు దాటనివ్వకండి. ఫ్రిజ్‌లో నెల దాకా ఉంటాయి. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినవి తీయడం, మళ్లీ పెట్టడం చేస్తే పెంకు చెమర్చి తొందరగా చెడిపోతాయి. ఆరోజు ఏరిన గుడ్లకి వంటనూనె పల్చగా రాసినా రంధ్రాలు మూసుకుని మరికొన్ని రోజులు నిలుస్తాయి. పొదగడానికి దాచే గుడ్డుకి నూనె రాయకండి, లోపల పిల్లకి గాలందదు.

పెంకు మీద పెన్సిలుతో తారీకు వేయండి. ముందొచ్చింది ముందు వాడాలి, ముందు అమ్మాలి. బడికొచ్చే గుడ్ల మీద రంగు ముద్రలు చూసే ఉంటారు, పాతవీ కొత్తవీ కలవకుండా ఉండటానికే అవి. మన ఇంటి గుడ్డుకి పెన్సిలు గీత చాలు.

ఫోను లైటుతో పరీక్ష

ఎక్కడో పొదలో పది గుడ్లు దొరికాయనుకోండి. ఎన్ని రోజులవో తెలీదు. అవి పరీక్ష చేయకుండా వండొద్దు. పరీక్షలో బాగున్నా వాటిని అమ్మొద్దు.

గిన్నె నిండా నీళ్లు పోసి గుడ్డు వేయండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. అడుగునే నిలబడితే పాతది, విడిగా పగలగొట్టి వాసన చూసి బాగా ఉడికించాలి. తేలితే పారేయాలి. రోజులు గడిచేకొద్దీ లోపలి నీరు ఆవిరై గాలి గది పెరుగుతుంది, అందుకే తేలుతుంది.

రెండోది ఇంకా సులువు. చీకటి గదిలో ఫోను టార్చి వేసి, దాని మీద గుడ్డు వెడల్పు వైపు ఆనించండి. లోపలంతా సమంగా వెలుగు కనబడితే మంచిది. ఎర్రని నరాల్లాగా కనబడితే పిల్ల మొదలైంది. నల్లగా, వెలుగు దూరకుండా ఉంటే పాడైంది. గోధుమరంగు పెంకులో వెలుగు కాస్త మసగ్గా ఉంటుంది, నాలుగు గుడ్లు చూస్తే అలవాటవుతుంది. అమ్మే ప్రతి గుడ్డునీ ఇలా చూసి ఇవ్వండి. గుడ్డుకి పది సెకన్లు పట్టదు.

అమ్మేటప్పుడు

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. 2022-23లో దేశమంతా కలిపి 13,838 కోట్ల గుడ్లు వస్తే ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే. అవన్నీ దాదాపు ఫారం గుడ్లు. వాటితో ధరలో మనం పోటీ పడలేం, పడక్కర్లేదు. మన గుడ్డు కొనేవాళ్లు కొనేది నమ్మకం మీద. తెల్లగుడ్డుకి టీ డికాక్షన్ రంగు పట్టించి నాటుగుడ్డని అమ్మేవాళ్లున్న రోజులివి, మీ పెరట్లో కోడిని చూసి కొన్న మనిషి ఎక్కడికీ పోడు. పెంకు రంగుని బట్టి బలం మారదని మాత్రం అడిగినవాళ్లకి నిజమే చెప్పండి. రంగు జాతిని బట్టి వస్తుంది.

వారానికి రెండుసార్లు, రోజు చెప్పి ఇవ్వండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ చుట్టుపక్కల కాలనీల్లో, సంతలో, టీచర్లకి, మీకు తెలిసిన ఇళ్లకి. కోడిగుడ్లూ బాతుగుడ్లూ కలిపి అమ్మకండి. సంఘంలో ముగ్గురు నలుగురు కలిస్తే ఒక ట్రే, 30 గుడ్లు, త్వరగా తయారవుతుంది. ఒక పుస్తకంలో మూడు గడులు చాలు: ఏరినవి, ఇంట్లో వాడినవి, అమ్మినవి. రేపు పెద్ద అప్పు కోసం బ్యాంకుకెళ్తే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఆ రెండో గడి ఖాళీగా వదలకండి. మనిషికి ఏడాదికి 180 గుడ్లన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. వాయిదా కట్టాలని అన్నీ అమ్మేసి, ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డూ మగపిల్లాడికి పెట్టి, ఆడపిల్లా తల్లీ చారుతో సరిపెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పథకం పెట్టింది అందుకు కాదు. అంగన్‌వాడీలో వచ్చేది అంగన్‌వాడీదే, ఇంటి గుడ్డు ఇంట్లో తినండి. పచ్చిగుడ్డు తాగితే బలమన్నది నిజం కాదు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి ఎక్కువ పడతాయి, పచ్చిదాంట్లో సాల్మొనెల్లా క్రిమి భయం కూడా ఉంది. గర్భిణులకి, చిన్నపిల్లలకి పచ్చిది, సగం ఉడికినది అసలొద్దు. బాతుగుడ్డు ఎవరికైనా గట్టిగా ఉడకాల్సిందే.

గుడ్లు తగ్గిపోతే

ముందు పొదలు వెతకండి, తర్వాత కోడిని చూడండి. చలికాలంలో పగటి వెలుగు 11 గంటలకి తగ్గినప్పుడు, ఈకలు రాల్చేటప్పుడు, మండే ఎండల్లో గుడ్లు తగ్గడం మామూలే. ఒకరోజు నీళ్లు లేకపోయినా వారం రోజులు గుడ్లు తగ్గుతాయి కాబట్టి నీడలో నీళ్ల కుండ ఎప్పుడూ ఉండాలి. పెంకు పల్చగా, మెత్తగా వస్తుంటే సున్నం చాలట్లేదు. నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి, దంచి విడిగా ఒక చిప్పలో పెట్టండి, ఎంత కావాలో అదే తింటుంది. ఇంట్లో గుడ్డు పెంకులు పెడితే వేయించి పొడి చేసే పెట్టాలి, లేదంటే పెంకు గుర్తుపట్టి గుడ్లు పొడవడం నేర్చుకుంటుంది.

ఒక్కసారిగా గుడ్లు ఆగిపోయి, కోళ్లు మెడ వాల్చి, పచ్చగా పారుకుంటుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. దానికి టీకానే దారి. మందులు వాడినప్పుడు ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి, ఆ రోజుల్లో అమ్మొద్దు. కోళ్లు వరసగా చనిపోతే వాటిని ముట్టుకోకండి, కోయకండి, చెరువులో పారేయకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి తెలిసిందే. ఆ వైరస్ 70 డిగ్రీల వేడికి చస్తుంది కాబట్టి బాగా ఉడికించిన గుడ్డుకి భయం లేదు. చనిపోయిన కోడి దగ్గరే జాగ్రత్త కావాలి.

ఎవర్ని అడగాలి?

టీకాలకి, జబ్బులకి మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల్ని, లేదా దగ్గర్లోని పశువైద్యశాలని అడగండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పెంపకంలో శిక్షణ కోసం ఆమదాలవలసలోనే ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో కనుక్కోవచ్చు. వెళ్లేటప్పుడు మంజూరు కాగితం, గుడ్ల లెక్క పుస్తకం వెంట తీసుకెళ్లండి. గుడ్లు ఏ వారం నుంచి తగ్గాయో పుస్తకం చూపిస్తే అక్కడ సగం ప్రశ్నలు తప్పుతాయి.